వేడికి దారి చూపిన పనితనం

650 గుర్రాల బలం అనగానే మన చూపు గుర్రాల మీదకే పోతుంది. వాటి వెనకాల వచ్చే వేడిని ఎవరూ అడగరు. పెట్రోలు ఇంజన్‌లో మండిన ఇంధనంలో పనికొచ్చేది ఇంచుమించు మూడో వంతు. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంజన్ లోహంలోకి, అక్కణ్నుంచి కూలెంట్‌లోకి, ఆయిల్‌లోకి దిగుతుంది. 650 హార్స్‌పవర్ అంటే దాదాపు 485 కిలోవాట్లు. అంత శక్తినిచ్చే ఇంజన్, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టినప్పుడు, ఓ 250 కిలోవాట్ల వేడిని నీళ్ల నెత్తిన, ఆయిల్ నెత్తిన రుద్దుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా మన బాత్‌రూముల్లోని 2 కిలోవాట్ల గీజర్లు నూట పాతిక ఒక్కసారే స్విచ్ వేసినంత వేడి, చిన్న బానెట్ కింద పుడుతోందన్నమాట.

రోడ్డు మీద ఈ గుట్టు బయటపడదు. అంత బలమున్న బండిని ఐదారు సెకన్లు గట్టిగా తొక్కితే వేగ పరిమితి దాటిపోతాం, కాలు తీసేస్తాం, ఇంజన్ తేరుకుంటుంది. ట్రాక్ మీద కథ వేరు. సెషన్ అంటే మామూలుగా ఇరవై నిమిషాలు. మలుపు దగ్గర బ్రేకు, మలుపు దాటగానే మళ్లీ ఫుల్ థ్రాటిల్. నీళ్లు చల్లబడేలోపే తర్వాతి స్ట్రెయిట్ వచ్చేస్తుంది. అందుకే స్పోర్ట్స్ కారు తయారుచేసినవాళ్ల పనితనం చూడాలంటే నేను మొదటి లాప్ టైమ్ చూడను, ఎనిమిదో లాప్ చూస్తాను.

ఈ పనితనానికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ ఏడో తరం షెవర్లే కార్వెట్. ఒకే బండి వంశంలో తడబాటూ ఉంది, దిద్దుబాటూ ఉంది. 2015 మోడల్‌గా వచ్చిన జెడ్‌06, 2019 మోడల్‌గా వచ్చిన జెడ్‌ఆర్‌1, రెండూ సూపర్‌చార్జర్ ఉన్నవే, రెండింటిదీ 6.2 లీటర్ల వీ8. ఒకదాని పక్కన ఒకటి పెట్టి బానెట్లు చూస్తే చాలు, నాలుగేళ్లలో ఇంజనీర్లు ఎవరితో కుస్తీ పట్టారో తెలిసిపోతుంది.

ముందు సూపర్‌చార్జర్ సంగతి. దీని పూర్వీకుడు కార్ల కోసం పుట్టలేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ తీసుకున్న గాలి యంత్రం అది. ఇనుము కరిగించే కొలుములకు గాలి కొట్టడానికి వాడారు. కొలిమికి ఊపిరి పోసిన యంత్రమే తర్వాత ఇంజన్ మీదికెక్కింది కాబట్టి అది వేడి పుట్టిస్తుందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. పెట్టె లోపల ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు తిరిగే రెండు రోటర్లు ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టు వాటిని తిప్పుతుంది. రోటరు రెక్కల మధ్య చిక్కిన గాలి ఇటునుంచి అటు మోయబడుతుంది. చిత్రమేమిటంటే, పాత పద్ధతి రూట్స్ యంత్రంలో గాలి లోపల నలగదు. మోసుకెళ్లిన గాలి అవతలి వైపు తెరుచుకోగానే, అక్కడ ముందే ఒత్తిడితో ఉన్న గాలి వెనక్కి ఎదురు తన్నుతుంది. ఆ ఎదురు దెబ్బలోనే ఇది నలుగుతుంది. అనవసరపు వేడీ, పాత సూపర్‌చార్జర్ల ఊళ కూడా చాలావరకు అక్కడే పుట్టేవి.

ఈటన్ కంపెనీ టీవీఎస్ అనే రకంలో చేసింది ఈ దెబ్బను మెత్తబరచడమే. మూడు రెక్కల బదులు నాలుగు పెట్టారు. రోటరు పొడవునా రెక్కను 160 డిగ్రీలు మెలితిప్పారు. అంతకుముందు మెలిక 60 డిగ్రీలే. గాలి ఒక్కసారిగా తెరుచుకోకుండా, రోటరు పొడవునా జారుతూ బయటపడుతుంది. సంతలో ఇనుప కడ్డీని మెలితిప్పి చూపే బలప్రదర్శన కాదిది. రెండు రోటర్ల మధ్య వెంట్రుకంత ఖాళీ మాత్రమే ఉండాలి, వేడికి అల్యూమినియం సాగినా తాకకూడదు, చల్లగా ఉన్నప్పుడు ఖాళీ మరీ ఎక్కువై గాలి వెనక్కి కారకూడదు. ఇన్ని షరతుల మధ్య ఆ మెలిక గీశారు.

జెడ్‌06లోని ఎల్‌టీ4 ఇంజన్‌కు పెట్టిన సూపర్‌చార్జర్ 1.74 లీటర్లది. అంతకుముందు తరానికి చెందిన 2009 జెడ్‌ఆర్‌1లోని ఎల్‌ఎస్9 ఇంజన్‌ది 2.3 లీటర్లు. సైజు తగ్గించి వేగం పెంచారు. పాతది నిమిషానికి 15,000 చుట్లు తిరిగితే, కొత్తది 20,000 దాకా వెళ్తుంది. చిన్న రోటర్లు బరువు తక్కువ, చటుక్కున అందుకుంటాయి, బానెట్ ఎత్తు పెంచనక్కర్లేదు, డ్రైవర్ చూపుకు అడ్డు రాదు. తెలివైన ఎంపికే. కానీ దానికి మూల్యం ఎక్కడో చెల్లించాలిగా. వేగంగా తిరిగే చిన్న రోటర్లు, 9.4 పీఎస్‌ఐ బూస్ట్. అంటే బయటి గాలి ఒత్తిడి మీద ఇంకో మూడింట రెండు వంతులు. 30 డిగ్రీల గాలిని అంతగా నొక్కితే, నష్టమే లేని ఆదర్శ యంత్రమైనా దాన్ని 75 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. నిజమైన యంత్రంలో నష్టాలు కలుపుకుంటే 100 డిగ్రీల దరిదాపుల్లోకి చేరుతుంది. అంటే మరిగే నీళ్లంత వేడి గాలి ఇంజన్ గుమ్మం ముందు నిలబడుతుంది.

వేడి గాలి పలచనిది, అందులో ఆక్సిజన్ తక్కువ. అది సగం నష్టం. మిగతా సగం ఇంకా పెద్దది. సిలిండర్‌లో పెట్రోలు, స్పార్క్ రాజేసిన మంట తనదాకా రాకముందే, తనంతట తాను పేలడం మొదలెడుతుంది. మెకానిక్కులు దాన్నే నాకింగ్ అంటారు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఊరుకోదు. స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది. ఇంజన్ బతుకుతుంది, బలం పోతుంది. పైగా ఆలస్యంగా మండిన మంట పిస్టన్‌ను నెట్టడంలో పూర్తిగా ఖర్చవకుండానే ఎగ్జాస్ట్‌లోకి పోతుంది కాబట్టి అటువైపు వేడి ఇంకా పెరుగుతుంది. వేడి తగ్గించడానికి వేసిన ఎత్తు మరోచోట వేడి పుట్టిస్తుందన్నమాట.

జెడ్‌06కు ఎదురైంది ఇదే. కొన్ని లాప్‌లు ఉరిమిన బండి, ఎండ రోజున సెషన్ సాగేకొద్దీ బలం తగ్గించుకునేది. పత్రికలవాళ్ల పరీక్షల్లోనూ ఇది బయటపడింది, కొందరు యజమానులు 2017లో కోర్టుకూ వెళ్లారు. తమ పరీక్ష 30 డిగ్రీల వాతావరణంలో, ఆరితేరిన డ్రైవర్‌తో చేసినదని కంపెనీ వైపునుంచి వివరణ వచ్చింది. మిషిగన్‌లో 30 డిగ్రీలంటే మంచి ఎండే. ఆ రాష్ట్రంలోనే, మన తెలుగువాళ్లు బోలెడుమంది ఇళ్లు కట్టుకున్న నోవైకి దగ్గర్లో, మిల్‌ఫర్డ్‌లో ఉంది జనరల్ మోటార్స్ పరీక్షా స్థలం. మే నెలలో బెజవాడలో 30 డిగ్రీలంటే తెల్లవారుజాము. టెక్సస్‌లో, అరిజోనాలో ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లకు కూడా ఆ అంకె చల్లటి ఉదయమే.

పది డిగ్రీల తేడాకు అంత గొడవా అనిపించవచ్చు. ఇక్కడే నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఉంది. ఏ రేడియేటరైనా వదిలించుకోగల వేడి, లోపలి ద్రవానికీ బయటి గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ఇంజన్ కూలెంట్ 105 డిగ్రీల్లో ఉందనుకోండి. బయట 30 అయితే తేడా 75. బయట 40 అయితే తేడా 65. రేడియేటర్ సత్తా సుమారు 13 శాతం తగ్గింది, అంతే, తట్టుకోవచ్చు. ఇప్పుడు సూపర్‌చార్జర్ గాలిని చల్లార్చే నీళ్లను చూడండి. అవి 50 డిగ్రీల్లో ఉంటేనే పని జరుగుతుంది. బయట 30 అయితే తేడా 20. బయట 40 అయితే తేడా 10. సగానికి సగం! అదే రేడియేటర్, అదే గాలి వేగం, సత్తా మాత్రం సగం. ఇంజన్ నీళ్ల ముల్లు నిబ్బరంగా ఉన్నా బండి నీరసపడిపోవడానికి కారణం చాలాసార్లు ఈ రెండో నీళ్లే.

ఈ రెండో నీళ్ల గురించి కాస్త చెప్పాలి. చాలామంది బానెట్ ఎత్తి చూసినా గమనించరు. సూపర్‌చార్జర్ బండిలో కూలెంట్ వలయాలు రెండు. ఒకటి ఇంజన్‌ది, బెల్టుతో తిరిగే పంపు దానికి. రెండోది సూపర్‌చార్జర్ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌ది, దానికి విడిగా చిన్న కరెంటు పంపు ఉంటుంది. ఎల్‌టీ4లో రోటర్లు గాలిని పైకి కొడతాయి. పైన మూత లోపలే, అటొకటి ఇటొకటి, రెండు ఇంటర్‌కూలర్ కోర్లు అమర్చారు. వీటిని అక్కడివాళ్లు ఇటుకలు అంటారు, చూడటానికీ అలాగే ఉంటాయి. గాలి పైకి లేచి, ఆ ఇటుకల రెక్కల మధ్యగా పక్కలకు తిరిగి, కిందికి దిగి సిలిండర్లలోకి వెళ్తుంది. జానెడు ఎత్తు కూడా లేని చోట గాలి ఎక్కి, తిరిగి, దిగాలి. పూర్తి బలంలో ఉన్నప్పుడు ఆ దారిన సెకనుకు అర కిలోకు పైగా గాలి పోతుంది. గాలిని కిలోల్లో తూచే అలవాటు మనకు లేదు కానీ, ఒక పెద్ద బీరువాలో సగానికి పైగా నిండే గాలి బరువది. అంత గాలి ఆ ఇటుకల్లో ఉండేది సెకనులో చిన్న తునక. ఆ తునకలోనే దాని వేడిని నీళ్లు లాగేయాలి. లాగిన వేడిని బండి ముక్కు దగ్గరున్న రేడియేటర్‌కు మోసుకెళ్లి వదలాలి.

ఈ వలయంలో నీళ్లు తక్కువ, పంపు చిన్నది, కాబట్టి దానికి అతి పెద్ద శత్రువు గాలి బుడగ. మూత ఇంజన్‌లో ఎత్తయిన చోటు. బుడగ చేరేదీ ఎత్తయిన చోటికే. ఒక బుడగ ఇటుకలో కూర్చుందంటే ఆ మేరకు నీళ్లు లేనట్టే. అందుకే అనుభవమున్న మెకానిక్ ఈ వలయాన్ని ఊరికే నింపి మూత పెట్టడు. ముందు వాక్యూమ్ పంపుతో లోపలి గాలంతా పీల్చేసి, ఆ ఖాళీలోకి కూలెంట్‌ను వదులుతాడు. అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంట మిగుల్చుకున్న షెడ్డుకు బండి మళ్లీ వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. కూలెంట్‌లో గ్లైకాల్ సగం కలిపితే మరుగు స్థానం పెరుగుతుంది. 15 పీఎస్‌ఐ మూతతో కలిపి 130 డిగ్రీల దగ్గరి దాకా మరగదు. కానీ వేడి మోయడంలో గ్లైకాల్ కలిసిన నీళ్లు ఉత్త నీళ్ల ముందు దిగదుడుపే. రేసు బండ్లలో చాలామంది ఉత్త నీళ్లే పోసి, తుప్పు పట్టకుండా కాస్త మందు కలుపుతారు. గ్లైకాల్ ట్రాక్ మీద కారితే జారుడు తొందరగా పోదు కాబట్టి చాలా రేసింగ్ క్లబ్బులు దాన్ని అసలు రానివ్వవు.

ఇక ముక్కు దగ్గరికొద్దాం. జెడ్‌06 ముందు గ్రిల్‌ జాలీని చూసి అలంకారం అనుకున్నవాళ్లే ఎక్కువ. దాని గళ్ల ఆకారాన్ని గాలిని ఇంటర్‌కూలర్ రేడియేటర్ వైపు మళ్లించేలా గీశారు. జాలీ పూర్తిగా తీసేసినప్పటికంటే జాలీ ఉన్నప్పుడే రేడియేటర్‌కు ఎక్కువ గాలి అందిందని కంపెనీ తమ పరీక్షల గురించి చెప్పింది. అడ్డు పెడితే గాలి పెరగడమేమిటి? ఏటవాలుగా వచ్చే గాలి పక్కకు జారిపోకుండా ప్రతి గడీ దాన్ని తిప్పి లోపలికి పంపుతుంది. పంట కాలువ మీద తూము కట్టినవాడికి ఈ కిటుకు చెప్పనక్కర్లేదు.

నాకు ఇంతకంటే ముచ్చటేసేది జాలీ వెనకున్న స్పాంజి పట్టీ. గాలికి సోమరితనం ఎక్కువ. రేడియేటర్ రెక్కల మధ్యనుంచి దూరడం కష్టం, పక్కన వేలెడు సందు ఉంటే అటే పోతుంది. ఖరీదైన రేడియేటర్ పక్కన ఆ సందును మూసేది కొన్ని రూపాయల రబ్బరు, స్పాంజి. యాక్సిడెంట్ అయ్యాక బంపర్ మార్చేటప్పుడు ఆ పట్టీ పారేసిన బండ్లు వేసవి రాగానే వేడెక్కడం మొదలెడతాయి, కారణం ఎవరికీ అంతుపట్టదు. డిజైన్ చేసినవాళ్లు మాత్రం విండ్ టన్నెల్‌లో గంటల తరబడి కూర్చుని ఆ సందులనే వెతుకుతారు.

రేడియేటర్‌ను దగ్గరగా చూస్తే ఇంకో అందం. నీళ్ల గొట్టాల మధ్య మడతలు పెట్టిన అల్యూమినియం రేకు ఉంటుంది, మిల్లీమీటర్‌లో పదో వంతు మందం. ఆ రేకు మడతల మీద సన్నగా వరసలుగా కోతలు కోసి, ప్రతి కోతనూ కొద్దిగా వంచుతారు, కిటికీ తెరలకుండే పట్టీల్లాగా. నున్నటి రేకు వెంట పోయే గాలి, అంటిపెట్టుకున్న వేడి పొరనే మోస్తూ పోతుంది, దాని పైనున్న చల్లటి గాలికి వేడి అందదు. ప్రతి కోత దగ్గరా ఆ పొర తెగి కొత్త గాలి తగులుతుంది. అయితే కోతలు ఎక్కువైతే గాలికి అడ్డు కూడా ఎక్కువ. ఎన్ని కోతలు, ఎంత వంపు అన్నదాని మీదే రేడియేటర్ కంపెనీలు బతుకుతున్నాయి.

వరస కూడా ముఖ్యమే. ఒకదాని వెనక ఒకటిగా పెట్టినప్పుడు ముందున్నది వేడిచేసిన గాలి వెనకదానికి అందుతుంది. తేడా తక్కువున్న ఇంటర్‌కూలర్ రేడియేటర్‌కు తాజా గాలి కావాలి, కాబట్టి ముందుంటుంది. 105 డిగ్రీల నీళ్లు మోసే పెద్ద రేడియేటర్‌కు 45 డిగ్రీల గాలి వచ్చినా పనవుతుంది, అది వెనక ఉంటుంది. ఏసీ కండెన్సర్ వచ్చి మధ్యలో దూరి లెక్క పాడుచేస్తుంది. ఫ్యాన్ కూడా అంతే. ఆగి ఉన్నప్పుడు ప్రాణదాత, 200 కిలోమీటర్ల వేగంలో వచ్చే గాలికి అడ్డుగోడ. అందుకే కొన్ని బండ్లలో ఫ్యాన్ చట్రానికి చిన్న రబ్బరు తలుపులు పెడతారు. వేగం పెరిగితే గాలే వాటిని తోసుకుని వెళ్లిపోతుంది.

లోపలికి వచ్చే గాలి గురించి ఇంత చెప్పినా, ట్రాక్ కార్లలో గెలుపోటములు తేలేది బయటికి పోయే గాలి దగ్గర. వెళ్లే దారి లేకపోతే ముందు ఎంత పెద్ద నోరు తెరిచినా గాలి లోపలికి రాదు, గుమ్మం దగ్గరే కుప్పపడి పక్కలకు పోతుంది. మామూలు కార్లలో రేడియేటర్ దాటిన గాలి ఇంజన్‌ను చుట్టుకుని బండి కిందికి దిగుతుంది. అక్కడ అది ముందు చక్రాలను పైకి లేపుతుంది కూడా. ఏడో తరం కార్వెట్‌లో రేడియేటర్‌ను ముందుకు వంచి పెట్టి, వేడి గాలిని బానెట్ మీద ఉన్న కంతల్లోంచి పైకి వదిలారు. బానెట్ ముందు భాగం మీదుగా గాలి వేగంగా పారుతుంది, అక్కడ ఒత్తిడి తక్కువ, కాబట్టి లోపలి గాలిని అది పీల్చేస్తుంది. అదే కంతను వెనక్కి, అద్దం మొదట్లోకి జరిపారనుకోండి, అక్కడ గాలి అద్దాన్ని కొట్టుకుని ఒత్తిడి పెంచుతుంది, పైనున్న గాలే లోపలికి దిగుతుంది. కంత ఒకటే, చోటు మారితే పని తలకిందులవుతుంది. స్టిక్కర్ అంటించినట్టు బానెట్ మీద నకిలీ కంతలు పెట్టే కార్లను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది అందుకే.

2017 జెడ్‌06కు కంపెనీ ఇచ్చిన మందు కూడా ఇదే: పెద్ద కంతలున్న కొత్త బానెట్, దానితో పాటు కొత్త సూపర్‌చార్జర్ మూత. రేడియేటర్‌లోకి గాలి వెళ్లే దారిని కాదు, అందులోంచి బయటికి వచ్చే దారిని వెడల్పు చేశారు. వెనక ఫెండర్ల మీదున్న గాలి నోళ్లు గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ కూలర్ల కోసం. ఈ బండిలో గేర్‌బాక్స్ వెనక ఇరుసు దగ్గర ఉంటుంది కాబట్టి దాని వేడిని ముందుకు మోసుకురాకుండా అక్కడికక్కడే వదిలించుకుంటారు. ఆ గాలి వెనక లైట్ల దగ్గర బయటపడుతుంది.

ఇంజన్ లోపలి పనితనం త్వరగా చెప్పేస్తాను, కంటికి కనిపించేది తక్కువ. పిస్టన్ల అడుగున సన్నటి ముక్కుల్లోంచి ఆయిల్ చిమ్ముతుంది. ఎగ్జాస్ట్ వాల్వు కాండం బోలుగా ఉంచి అందులో సోడియం నింపే పద్ధతి ఉంది. సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది, కరిగిన లోహం వాల్వు కదిలినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతూ తల దగ్గరి వేడిని కాండం దగ్గరికి చేరవేస్తుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మడం వల్ల అది ఆవిరయ్యేటప్పుడు అక్కడి వేడినే పీల్చుకుంటుంది. ఎల్‌టీ4లో కంప్రెషన్ నిష్పత్తి 10కి చేరిందంటే ఇదొక కారణం, ఎల్‌ఎస్9లో అది 9.1 దగ్గరే ఉండిపోయింది. డ్రై సంప్ పద్ధతిలో ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది, పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయి పంపు గాలి తాగే ప్రమాదం ఉండదు.

ఇప్పుడు జెడ్‌ఆర్‌1. 2017 నవంబరులో దుబాయ్‌లో దీన్ని మొదటిసారి చూపించారు. ఎండ ఊళ్లో చూపించడం కాకతాళీయమో, కావాలనో. ఎల్‌టీ5 ఇంజన్, 755 హార్స్‌పవర్. సూపర్‌చార్జర్ 2.65 లీటర్లు, జెడ్‌06 దానికంటే 52 శాతం పెద్దది. జెడ్‌06లో చిన్నదాన్ని వేగంగా తిప్పారు, ఇక్కడ ఆ ఎంపికనే తిరగేశారు. ఒక్కో చుట్టుకు ఎక్కువ గాలి మోస్తే, అంతే గాలికి అంత వేగంగా పరుగెత్తనక్కర్లేదు. పెద్ద యంత్రం ఎత్తూ పెరిగింది. బానెట్ కింద పట్టలేదు. వాళ్లేం చేశారంటే, బానెట్ మధ్యలో పెద్ద రంధ్రం పెట్టేశారు. కార్బన్ ఫైబర్ బానెట్ ఇంజన్ చుట్టూ చట్రంలా ఉంటుంది, సూపర్‌చార్జర్ మూత అందులోంచి పైకి తల పెట్టి చూస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్‌తో పాటు మూత కూడా కదలడం డ్రైవర్‌కు కనిపిస్తుంది. 2009 జెడ్‌ఆర్‌1కు బానెట్‌లో పారదర్శకమైన కిటికీ పెట్టి లోపలి ఇంటర్‌కూలర్ మూతను చూపించారు. అది చూపించడానికి చేసిన పని. ఇది గత్యంతరం లేక చేసిన పని. అందుకే ఇదే నాకు ఎక్కువ నచ్చుతుంది.

వేడి మార్చే రేడియేటర్లు, కూలర్లు జెడ్‌ఆర్‌1లో మొత్తం 13. అందులో నాలుగు కొత్తవి. ముందు ముఖమంతా నోరే. పదమూడింటికీ గాలి రావాలి, పదమూడింటినుంచీ గాలి పోవాలి, ఒకదాని వేడి గాలి ఇంకోదాని ముఖాన కొట్టకూడదు. అన్నీ పెట్టాక బండి 340 కిలోమీటర్ల వేగంలో నేలకు అతుక్కుని ఉండాలి. ఒక్కో కూలర్ ఒక్కో గాలి అడ్డంకి కాబట్టి చల్లదనం కోసం చెల్లించే ధర వేగంలోనే కట్టాలి. ఈ బండి ఒక్క మోడల్ సంవత్సరమే నడిచింది. తర్వాతి తరంలో ఇంజన్ డ్రైవర్ వెనక్కి వెళ్లింది. 2025 జెడ్‌ఆర్‌1లో సూపర్‌చార్జర్ పోయి టర్బోలు వచ్చాయి. ముందున్న డిక్కీని కూడా వదులుకుని ఆ చోటంతా ఇంటర్‌కూలర్ గాలికిచ్చారు. సామాను పెట్టుకునే చోటు గాలికి రాసివ్వడం చిన్న నిర్ణయం కాదు.

ఇదే సమస్యకు ఫోర్డ్‌వాళ్లు 2020 షెల్బీ జీటీ500లో వేరే జవాబిచ్చారు. అదే 2.65 లీటర్ల ఈటన్ సూపర్‌చార్జర్‌ను తలకిందులుగా, వీ ఆకారపు లోయలోకి దించి పెట్టారు. బరువు కిందికి దిగింది, సూపర్‌చార్జర్ తల పట్టడానికి బానెట్‌కు రంధ్రం చెయ్యనక్కర్లేకపోయింది. అయితే 760 హార్స్‌పవర్ వేడి ఎక్కడికి పోతుంది? బానెట్ మీద 31 అంగుళాలకు 28 అంగుళాల పెద్ద కంత. దాని కింద వాన నీళ్లు ఇంజన్ మీద పడకుండా ఒక అల్యూమినియం పళ్లెం. ట్రాక్‌కు వెళ్లేరోజు యజమాని ఆ పళ్లేన్ని ఊడదీసి పక్కన పెట్టేయవచ్చు. వాన రోజుకూ ట్రాక్ రోజుకూ మధ్య తేడా ఒక పళ్లెం! అన్నిటినీ కంప్యూటర్లే తీర్మానించే కాలంలో చేతితో ఊడదీసే జవాబు పెట్టినవాడికి నమస్కారం.

డాడ్జ్ 2018 చాలెంజర్ డెమన్‌లో ఏసీ గ్యాసును కారు లోపలి నుంచి తప్పించి, ఇంటర్‌కూలర్ నీళ్లను చల్లబరచడానికి మళ్లించారు. బయటి గాలికంటే చల్లటి నీళ్లు! ఇందాకటి తేడా లెక్కనే తిప్పి కొట్టారు. కానీ అది పావు మైలు డ్రాగ్ రేసు కోసం, పది సెకన్లలోపు ముగిసే పని. ఇరవై నిమిషాల సెషన్‌లో ఏసీ ఆ వేడికి చాలదు, పైగా దాన్ని తిప్పడానికీ ఇంజన్ బలమే కావాలి. పొదుపు డబ్బాలో దాచుకున్న చల్లదనం ఒక్క దెబ్బకు పనికొస్తుంది. ట్రాక్‌కు కావలసింది ఆగకుండా పారే దారి.

డ్రైవర్ పని కూడా ఈ పనితనంలో భాగమే. రోటర్ల వేగం ఇంజన్ వేగానికి కట్టుబడి ఉంటుంది కాబట్టి, ఎర్ర గీత దాకా లాగకుండా ఐదారు వందల చుట్ల ముందే గేరు మార్చేవాడి గాలి చల్లగా ఉంటుంది, లాప్‌లో పోగొట్టుకునేది కొంచెమే. ఆటోమేటిక్‌లో గేర్లను దాని ఇష్టానికి వదిలేస్తే అది ట్రాక్ మీద పై ఆర్‌పీఎంలోనే పట్టుకుని కూర్చుంటుంది. ముందు వెళ్లేవాడి తోకకు అంటుకుని రెండు మూడు లాప్‌లు తిరిగితే వాడి వేడి గాలే మన ముక్కులోకి వస్తుంది, కాస్త పక్కకు జరిగి స్ట్రెయిట్‌లో శుభ్రమైన గాలి పట్టాలి. చివరి లాప్ బ్రేకులు ముట్టకుండా, పై గేరులో, నెమ్మదిగా తిరిగి రావాలి. పిట్‌లోకి వచ్చి టక్కున ఇంజన్ ఆపేస్తే పంపులు ఆగిపోతాయి, సిలిండర్ హెడ్ల వేడంతా పైకెక్కి సూపర్‌చార్జర్‌లో కూర్చుంటుంది. హీట్ సోక్ అంటారు దాన్ని. తర్వాతి సెషన్ మొదటి లాప్‌లోనే బండి నీరసంగా ఉంటే పాపం దీనిదే. బానెట్ ఎత్తి పెట్టడం, ఫ్యాన్ తిరగనివ్వడం, వీలైతే బయటినుంచి పెద్ద ఫ్యాన్ పెట్టడం, ఇవన్నీ చవకైన మందులు.

ఇంటికొచ్చాక రేడియేటర్ ముందు వంగి చూడాలి. టైర్లనుంచి ఊడిన రబ్బరు ముక్కలు, చిన్న రాళ్లు రెక్కల మధ్య ఇరుక్కుని ఉంటాయి. ముందునుంచి గట్టిగా నీళ్లు కొడితే అవి ఇంకా లోపలికి దిగుతాయి, రెక్కలూ వంగిపోతాయి. వెనకనుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో కడగాలి. తర్వాత కీ ఆన్ చేసి ఇంటర్‌కూలర్ పంపు తిరుగుతోందో లేదో చెవిపెట్టి వినాలి. అది ఆగిపోతే డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి ముల్లు కదలదు. ఆ రోజు లాప్ టైమ్ చూస్తేనే తెలుస్తుంది.